తల్లీ, ఆ కింద బోల్టుకు చేయి వేసే ముందు

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు కారు కింద దూరి గేర్ ఆయిల్ తనే మారుస్తుందంటన్నా, నువ్వైనా చెప్పు" అంది. వద్దని చెప్పమని ఆమె ఉద్దేశం. నేను సరేనని ఫోన్ పెట్టేశాను గానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు. సగం భయం, సగం ఏంటో చెప్పలేను. 23 ఏళ్లు కువైట్‌లో, షువైఖ్ గ్యారేజీల్లో బతికినవాణ్ణి. మన ఇంట్లో నా తర్వాత స్పానర్ పట్టేవాళ్లు లేరని అనుకునేవాణ్ణి. డల్లాస్‌లో ఎమ్మెస్ చదువుతున్న పిల్ల 2007 హోండా అకార్డ్ కారు కొనుక్కుని, ఒక్కరిని అడగకుండా ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లో పోసే నూనె, దాని గురించి చదివి, డబ్బాలు కూడా తెచ్చి పెట్టుకుందంటే మామకు ఛాతీ ఉబ్బదా? అందుకే వద్దని చెప్పను. చెయ్యి. కానీ నేను చెప్పింది పూర్తిగా చదివాకే చెయ్యి.

ముందు కారు గురించి. 1,46,000 మైళ్లు తిరిగిందట, అంటే మన లెక్కలో రెండు లక్షల ముప్పై అయిదు వేల కిలోమీటర్లు. పాత ఓనరు ఎప్పుడు మార్చాడో కాగితం లేదన్నావట. "ఆటోమేటిక్ బండికి జన్మలో ఆ ఆయిల్ మార్చక్కర్లేదు" అని ఎవరైనా చెబితే నమ్మకు. కువైట్ ఎండల్లో ఆ మాట నమ్మిన బండ్లు ఎన్నో మా ర్యాంప్ ఎక్కాయి. 2016 జులైలో కువైట్‌లోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు పడింది, ఆ వారం నేను ఆ దేశంలోనే ఉన్నాను. అంత వేడిలో ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి ఆ నూనె నల్లబడి మాడు వాసన కొట్టేది. మీ టెక్సాస్ కూడా చల్లటి ఊరేం కాదు కదా.

ఆ నూనె ఉత్త జారుడు కోసం కాదమ్మా. ఇంజన్ బలాన్ని చక్రాలకు చేర్చేది అదే, లోపల క్లచ్చుల్ని ఒత్తి పట్టేది అదే, వేడిని మోసుకుపోయేది అదే. అది పాడైతే గేర్ పట్టు తప్పుతుంది. అయితే ఒక్క మాట. ఇప్పటికే గేర్ జారుతుంటే, అంటే యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తూ బండి మాత్రం కదలకపోతే, ఆయిల్ మార్చినా బాగుపడదు. అలాంటిది ఉంటే ఆగి నాకు చెప్పు. అది లేకపోతే భయం లేదు.

షాపుకి వెళ్లి గేర్ ఆయిల్ అని మాత్రం అడగొద్దు. మేం కువైట్‌లో అలవాటుగా అన్నింటినీ గేర్ ఆయిల్ అనేవాళ్లం, కానీ ఆ పేరుతో అడిగితే మాన్యువల్ బండ్లకు పోసే చిక్కటి నూనె చేతిలో పెడతారు. నీకు కావలసింది ఏటీఎఫ్. నీ కారు కొత్తగా వచ్చినప్పుడు హోండా వాళ్లు జడ్-1 అనేది పోసేవారు, తర్వాత దాని స్థానంలో డీడబ్ల్యూ-1 తెచ్చారు. అదే కొను. పక్కనే హెచ్‌సీఎఫ్-2 అని ఇంకో డబ్బా కనబడుతుంది, అది సీవీటీ అనే వేరే రకం ఆటోమేటిక్ బండ్లది, దాని జోలికి పోవద్దు. నువ్వు తెచ్చిన డబ్బా మీద ఏముందో ఫోటో తీసి పంపు. అన్ని బండ్లకూ పనికొస్తుందని రాసిన డబ్బా అయితే తిరిగి ఇచ్చేయి. పది డాలర్లు మిగిల్చే చోటు ఇది కాదు.

ఇక జాకీ. ఇక్కడ నేను కోప్పడతాను, వినాలి. డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికే. దాని మీద బండి పెట్టి కింద తల దూర్చావో, ఆ క్షణం నుంచి నాతో మాట్లాడొద్దు. మా షెడ్డులో ఒక మధ్యాహ్నం జాకీ మీద ఉన్న పాత కాప్రిస్ కారు పక్కకు ఒరిగి పడింది. కింద ఎవరూ లేరు. కింద పడుకున్న మనిషి మంచినీళ్లకని లేచి వెళ్లి రెండు నిమిషాలు కాలేదు. అతను విడిచి వెళ్లిన రబ్బరు చెప్పు ఒకటి బ్రేక్ డ్రమ్ము కింద అప్పడంలా అయిపోయింది. అతను తిరిగి వచ్చి ఆ చెప్పు చూసుకుంటూ నిలబడ్డాడు, చేతిలో నీళ్ల గ్లాసు అలాగే ఉంది. నాకు ఇప్పటికీ జాకీ చూస్తే ఆ చెప్పే గుర్తొస్తుంది.

కాబట్టి జాక్ స్టాండ్లు కొను, నాలుగు. బండి నాలుగు వైపులా సమానంగా ఉంటేనే నూనె సరిగ్గా కారుతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తారు నేల ఎండకు మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి, కింద మందపాటి చెక్క పలకలు వెయ్యి. పొద్దున్నే చెయ్యి, మిట్టమధ్యాహ్నం వద్దు. ఎత్తాక తుంటితో బండిని గట్టిగా ఒకసారి తోసి చూడు. కదిలితే మళ్లీ దించి మళ్లీ పెట్టు. అసలు మీ అపార్ట్‌మెంట్ వాళ్లు పార్కింగ్‌లో రిపేర్లు ఒప్పుకుంటారో లేదో ముందు అడుగు. ఇంటి గ్యారేజీ ఉన్న స్నేహితులుంటే అక్కడ చేసుకోవడం ఇంకా మేలు, నీకు తోడూ ఉంటారు. ఒంటరిగా మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం.

1994 ఎండాకాలం. నేను కువైట్ వెళ్లి ఏడాది దాటింది. అప్పటికి టైర్లు విప్పడం, ఆయిల్ మార్చడం వరకే నా పని. ఒక హోండా వచ్చింది, ఈజిప్టు నుంచి వచ్చి అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పే సారుది. ఇంజన్ ఆయిల్ మార్చమన్నారు. ర్యాంప్ ఎక్కించి కిందికి వెళ్లాను. కింద రెండు బోల్టులు కనబడ్డాయి. ఒకదానికి 17 నంబరు స్పానర్ పట్టే తల ఉంది, ఇంకోదానికి రాచెట్ కొస సరిగ్గా దిగే నలుచదరపు గుంట ఉంది. నా చేతిలో రాచెట్ ఉంది. అంతే తల్లీ, చేతిలో ఏ పనిముట్టు ఉందో దానికి సరిపోయే బోల్టు విప్పేశాను. నల్లటి నూనె కారింది. మాడు వాసన వచ్చింది. పాత బండి కదా, ఇంజన్ ఆయిల్ కూడా ఇలాగే అయి ఉంటుందనుకున్నాను. కారిందెంతో కొలవలేదు. వేళ్ల మధ్య రుద్ది చూడలేదు. బోల్టు బిగించి, పైన నాలుగు లీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి, చేతులు తుడుచుకున్నాను. ఉన్న నాలుగు లీటర్ల మీద ఇంకో నాలుగు. అవతల గేర్ బాక్స్‌లో మాత్రం నూనె బాగా తగ్గిపోయింది.

ఆ సారు వెళ్లి గంట కాకముందే రికవరీ బండి మీద తిరిగి వచ్చాడు. వెనక నుంచి తెల్లటి పొగ, గేర్ పెడితే కదలడం లేదు. ఆయన మొహం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. తిట్టలేదు. స్కూలుకు టైమైందని అటూ ఇటూ చూస్తున్నాడు.

ర్యాంప్ దించి తాళాలు ఇచ్చింది నాతో పని చేసే నేపాలీ కుర్రాడు. నిందంతా వాడి మీద పడింది. సెకండ్ హ్యాండ్ గేర్ బాక్స్ తెప్పించడానికి 120 దినార్లు అయింది, వాడి జీతంలో కోస్తామన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. నాకు నెలకు 60 దినార్లు, అందులో 40 ఇంటికి పంపాలి. వాడికీ అంతే, వాడికీ ఇల్లు ఉంది. అది తెలిసి కూడా పదకొండు రోజులు ఊరుకున్నాను. రాత్రి వాడు పక్క మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఉండేవాడు. నిద్రపోతున్నాడో లేదో తెలిసేది కాదు.

పన్నెండో రోజు మాకు పని నేర్పే ఉస్తాద్ దగ్గరికి వెళ్లి చెప్పాను. మా ఉస్తాద్ పాకిస్తానీ, పెద్దాయన, చేయి చేసుకోవడంలో పేరున్న మనిషి. ఆ రోజు మాత్రం కొట్టలేదు. ఒక ట్రేలో వాడిన ఇంజన్ ఆయిల్, ఇంకో ట్రేలో వాడిన గేర్ ఆయిల్ పోయించి, కళ్లు మూసుకోమని నా వేళ్లు ముంచాడు. రుద్దు, వాసన చూడు, ఇప్పుడు చెప్పు ఏది ఏదో, అన్నాడు. నెల రోజులు ప్రతి బండికీ అదే. ఇంజన్ నూనె బంకగా, జిడ్డుగా వేళ్లకు అంటుకుని వదలదు. గేర్ నూనె పలచగా జారిపోతుంది, ఎంత నల్లబడినా తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేస్తే అంచున ఎర్రటి ఛాయ కనబడుతుంది, బాగా మాడిపోతే తప్ప. ఆ నెలలో నేర్చుకున్నదే తర్వాత 22 ఏళ్లు అన్నం పెట్టింది.

120 దినార్లు నా జీతంలో కోశారు. రెండు నెలలు ఇంటికి పైసా పంపలేదు. ఆ రెండు నెలల్లోనే మీ అమ్మ డిగ్రీ ఫైనల్ పరీక్ష ఫీజు కట్టాలి. కట్టలేకపోయారు. ఆ ఏడు పరీక్ష రాయలేదు, పై ఏడు రాసింది. ఎందుకు డబ్బు రాలేదో ఊరికి వచ్చినప్పుడు నేనే చెప్పాను. "పోనీలే అన్నా" అని లోపలికి వెళ్లి టీ పెట్టింది. ఈ ముప్పై ఏళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నీకు కూడా చెప్పి ఉండదు. ఆమెకు కారు అంటే ఎందుకంత గుబులో నీకు తెలియాలని చెబుతున్నాను. నేను చెప్పినట్టు మాత్రం ఆమెకు తెలియనీకు.

అందుకే పాపా, బోల్టు వదులు చేసే ముందు రెండింటినీ చేత్తో తాకి చూసుకో. నీ కారులోనూ అంతే, 17 నంబరు తల ఉన్నది ఇంజన్‌ది, నలుచదరపు గుంట ఉన్నది గేర్‌ది, డ్రైవర్ వైపు కింద ఉంటుంది. మొదటి చుక్క పడగానే వేళ్ల మధ్య రుద్ది, తెల్ల టిష్యూ మీద వేసి చూడు. కారిందంతా కొలతలున్న జగ్గులో పోసి, ఎంత వచ్చిందో రాసిపెట్టు. రెండున్నర లీటర్లకు దగ్గరగా రావాలి. ఎంత కారితే అంతే పోయాలి. పుస్తకంలో ఇంకో అంకె ఉన్నా ముందు నీ జగ్గు చెప్పిందే నమ్ము.

మిగతాది తేలిక. బండిని పది నిమిషాలు నడిపి గోరువెచ్చగా చేసుకో, మరీ మరిగే వేడి వద్దు, చేయి కాలుతుంది. బోల్టు కొసన అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలే, తుడిచేయి. లోహపు ముక్కలు, రేకుల్లాంటివి కనబడితే ఫోటో తీసి నాకు పంపు. 18 మిల్లీమీటర్ల అల్యూమినియం వాషర్ కొత్తది వెయ్యి, పాతది తిరగేసి వేసే పిసినారితనం వద్దు. బిగించేటప్పుడు టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్, దాని మీద 49 న్యూటన్ మీటర్లు, మీ లెక్కలో 36 ఫుట్ పౌండ్లు. గేర్ డొక్కు అల్యూమినియం కాబట్టి బలం చూపిస్తే మరలు పోతాయి. మీ నాన్న పంపు బిగించినట్టు బిగించకు.

కొత్త నూనె పైన గేర్ డిప్‌స్టిక్, అంటే నూనె మట్టం చూసే పుల్ల, ఆ రంధ్రంలోంచే పోయాలి. సన్నటి గొట్టం ఉన్న గరాటు తెచ్చుకో, ఆ రంధ్రం ఇరుకు. పోశాక బ్రేకు తొక్కి పట్టి స్టార్ట్ చేసి, పీ, ఆర్, ఎన్, డీ ఒక్కోదాంట్లో కొన్ని సెకన్లు ఉంచు. తర్వాత బండి దించి, చదునైన చోట రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా వేడెక్కించి, పీలో పెట్టి ఆపేసి, నిమిషం తర్వాత నిమిషంన్నర లోపు డిప్‌స్టిక్ చూడు. ఇంజన్ ఆయిల్ చూసినట్టు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూస్తే తప్పు చూపిస్తుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు. ఎక్కువైతే నురగ కడుతుంది, అది తక్కువైనంత చెడ్డది.

ఒక్కసారితో మొత్తం మారదు. లోపల ఆరున్నర లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, నువ్వు తీసేది రెండున్నరే. అందుకే కొన్ని రోజులు నడిపి మళ్లీ, ఇంకా కొన్నాళ్లకు మళ్లీ, మూడు విడతలు చెయ్యి. అప్పటికి నాలుగింట మూడు వంతులు కొత్తదవుతుంది. మిషన్ పెట్టి ఒకేసారి లోపలంతా కడిగేస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లకు. ఇంత వయసున్న గేర్‌ను మెల్లగా మార్చుకోవాలి. కారిన పాత నూనెను డ్రైనేజీలో పోయకు, డబ్బాలో పోసి ఆటో పార్ట్స్ షాపులో ఇస్తే తీసుకుంటారు.

శనివారం పొద్దున ఎనిమిదికి మొదలుపెడతావట. ఇక్కడ రాజంపేటలో సాయంత్రం ఆరున్నర. షెడ్డు ఆరింటికే మూసేసి ఇంట్లో కూర్చుంటాను. స్టాండ్ల మీద బండి నిలబెట్టాక, కింద పడుకోక ముందు, వీడియో కాల్ చెయ్యి. ముందు స్టాండ్లు చూపించు, తర్వాత ఆ రెండు బోల్టులూ చూపించు. కళ్లద్దాలు పెట్టుకో, నూనె చుక్క కంట్లో పడుతుంది. జుట్టు ముడి వేసుకో. మీ అమ్మ నా పక్కనే ఉంటుంది, కనబడకుండా కూర్చుంటానంది.

మీ మామ