1905 నాటి లోదుస్తులు: ఉతకడం కోసం కుట్టిన బట్టలు

1905 నాటి లండన్‌లో జరిగే నాటకానికి కథానాయిక లోదుస్తులు పాత పేపర్ ప్యాటర్న్‌తో (కాగితపు కత్తిరింపు నమూనాతో) కుట్టాలని మీరు రాశారు. ప్యాటర్న్ 36 సైజు, నటిది 40 అన్నారు. ఏ బట్ట కొనాలి, మిషన్ మీద కుడితే ఆ కాలానికి నప్పుతుందా అని అడిగారు. నేను ఇంగ్లండ్‌లో ఉంటూ ఇక్కడి ఔత్సాహిక నాటక బృందాలకు ఈ కాలపు బట్టలు కుడుతుంటాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మిషన్ గురించి నిశ్చింతగా ఉండండి. అప్పటికే ఇళ్లలో సింగర్ మిషన్లు ఉన్నాయి, రెడీమేడ్ లోదుస్తులు ఫ్యాక్టరీల్లో తయారవుతున్నాయి. తిన్నటి కుట్టు, పొట్టి టాకాలు ఉంటే చాలు. 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య పెట్టుకోండి. జిగ్‌జాగ్, ఓవర్‌లాక్ మాత్రం వద్దు.

అసలు సంగతి వేరే ఉంది. ఈ బట్టల్లో ప్రతి నిర్ణయం వెనకా ఉతుకు ఉంది. నడుము బిగించే కార్సెట్‌ను మామూలుగా ఉతికేవారు కాదు. లోపల ఉక్కు పుల్లలుంటాయి, నీళ్లు తగిలితే తుప్పు పడుతుంది. అందుకే చెమట పీల్చడానికి కార్సెట్ కింద షిమీజ్ (వదులైన లోచొక్కా), డ్రాయర్లు (వదులైన లోలాగు) వేసుకునేవారు, లేదా ఆ రెండూ కలిపి కుట్టిన కాంబినేషన్ వేసుకునేవారు. గౌనుకు కార్సెట్ ఒరుసుకోకుండా పైన కార్సెట్ కవర్ అనే పల్చటి రవిక, ఆ పైన లంగా. తెల్లవన్నీ వేడినీళ్లలో ఉడకబెట్టి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి ఇస్త్రీ చేసేవారు. హల్ నగరంలోని రెకిట్ కంపెనీ ఆ నీలిమందు, గంజిపొడి రెండూ అమ్మేది. అంత మోటు ఉతుక్కి తట్టుకునేలా కుడితే, మీ బట్ట ఆ కాలానిదిలా దానంతటదే కనిపిస్తుంది.

నా దగ్గర పాత వస్తువుల సంతలో కొన్న అసలు కార్సెట్ కవర్ ఒకటి ఉంది. తిరగేసి చూస్తే లోపల ఎక్కడా కత్తిరించిన అంచు కనిపించదు. పక్క కుట్లన్నీ ఫ్రెంచ్ సీమ్‌లు (అంచులు లోపల దాగేలా రెండుసార్లు వేసే కుట్లు), చంక చుట్టూ సన్నటి క్రాస్ పట్టీ. ముందు భాగంలో నిలువుగా మూడు వరసల లేసు ఉంది, వాటి వెనక బట్ట లేదు. వెలుతురుకు పట్టుకుంటే లేసులోంచి వేళ్లు కనిపిస్తాయి. ఈ లేసు పని రాకపోతే మిగతాది ఎంత బాగా కుట్టినా తేలిపోతుంది. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రెండు అంచులూ తిన్నగా ఉండే లేసు తీసుకోండి, దాన్ని ఇన్సర్షన్ అంటారు. బట్ట మంచివైపు లేసు పరిచి, రెండు అంచుల వెంబడీ మిషన్ కుట్టు వెయ్యండి. ఇప్పుడు బట్ట తిప్పి, రెండు కుట్లకూ మధ్యన బట్టను మాత్రమే నిలువుగా కత్తిరించండి. మొన చిన్నగా ఉన్న కత్తెర వాడండి, కింద లేసు తెగకుండా వేలు అడ్డం పెట్టుకోండి. విడిపోయిన రెండు అంచులనూ లేసుకు దూరంగా మడిచి, ఇస్త్రీ చేసి, మడత మీద ఇంకో కుట్టు వేసి, మిగిలినది దగ్గరగా కత్తిరించండి. సూది 9 నంబరు, దారం ఉన్నవాటిలో సన్నటి నూలు దారం. పిన్‌టక్కులు (సన్నటి మడత కుట్లు) కావాలంటే ముందు విడి బట్ట మీద టక్కులు, లేసు పూర్తిచేసి, ఆ తర్వాతే ప్యాటర్న్ పెట్టి కత్తిరించండి. కత్తిరించాక టక్కులు వేస్తే కొలతలు పోతాయి.

నైలాన్ లేసు కొనకండి. స్టేజీ లైట్ల కింద మెరుస్తుంది, ఇస్త్రీ పెట్టె తగిలితే ముడుచుకుపోతుంది. నూలు లేసే వెతకండి. మీరు ఆంధ్రలోనే ఉన్నారు కాబట్టి ఒక మాట. ఆ కాలంలో క్రోషేతో అల్లిన మెడ పట్టీలు కార్సెట్ కవర్లకూ నైట్‌గౌన్లకూ తెగ వాడేవారు. మిషనరీలు వచ్చి నేర్పిన క్రోషే పనితో పేరు తెచ్చుకున్న నరసాపురం ఉండగా మీకు ఆ పట్టీ అల్లించుకోవడం కష్టం కాదు. అప్పటి క్రోషే నమూనాలు యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

బట్టకు అప్పట్లో నైన్‌సుక్, లాన్, కేంబ్రిక్, లాంగ్‌క్లాత్ అనే నూలు బట్టలు వాడేవారు. షిమీజ్‌కీ కవర్‌కీ మెత్తటి తెల్ల కేంబ్రిక్ లేదా నాణ్యమైన మల్ సరిపోతుంది. మల్ మరీ పల్చనైతే లేసు బరువుకు సాగుతుంది, చేత్తో పట్టి చూసి కొనండి. లంగాకు లాంగ్‌క్లాత్ లేదా పాప్లిన్. పాలియెస్టర్ కలిసినవి ఏవీ వద్దు, వాటికి గంజి పట్టదు. కత్తిరించే ముందు వేడినీళ్లలో ఒకసారి ఉతికి ఆరబెట్టండి, కుదింపు అప్పుడే తీరిపోతుంది.

ఇక ప్యాటర్న్. ఆ కాలపు టిష్యూ పేపర్ మీద గీతలుండవు, రంధ్రాలే ఉంటాయి. ఏ రంధ్రం దేనికో ప్యాటర్న్ వచ్చిన కాగితపు కవరు మీద రాసి ఉంటుంది. కంపెనీని బట్టి ఆ గుర్తులు మారతాయి, కవరు జాగ్రత్త. కుట్టు మార్జిన్ కలిపి ఉందో లేదో కూడా అక్కడే చూసుకోవాలి. అసలు కాగితాన్ని కత్తిరించకండి, బ్రౌన్ పేపర్ మీదికి ఎక్కించుకోండి. అదీ భయమనిపిస్తే, పాతకాలపు బట్టల ప్యాటర్న్‌లు అమ్మే ఫోక్‌వేర్ కంపెనీ వాళ్ల 203 నంబరు ప్యాటర్న్ ఉంది. అందులో కార్సెట్ కవర్, డ్రాయర్లు, లంగా మూడూ వస్తాయి.

36ని 40 చెయ్యడం మీరనుకున్నంత కష్టం కాదు. పెంచాల్సింది 4 అంగుళాలు. మొత్తం పక్క కుట్టులోనే కలిపేస్తే చంక జారిపోతుంది. బ్రౌన్ పేపర్ ముక్కలను నిలువునా కోసి విడదీసి సర్దండి. కవర్ ముందు భాగం ఎలాగూ కుచ్చుగా వస్తుంది కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువే కలపొచ్చు. అయితే కొలతలు నటికి కార్సెట్ వేశాకే తీసుకోండి. చీర జాకెట్లు కుట్టే చేతులకు ముందు భాగంలో వదులు చూడగానే టక్కులు పట్టి బిగించాలనిపిస్తుంది. బిగించకండి. ఆ రోజుల్లో గౌను ముందుభాగం నడుము మీదికి ఉబ్బి వాలినట్టుండేది, కవర్‌లోని ఆ వదులే దానికి ఆధారం. చౌక బట్టతో ఒక ట్రయల్ కుట్టి, పైన గౌను వేసి చూస్తే మీకే తెలుస్తుంది.

లంగా మన ఆరు ముక్కల పావడా లాంటిదే. తుంటి దగ్గర ఒంటికి అతుక్కుని, కిందికి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. అంచున వెడల్పాటి కుచ్చు, కుచ్చు పైన టక్కులు. గంజి ఆ కుచ్చుకు మాత్రం గట్టిగా పెట్టండి. నడుము దగ్గర వెనకవైపు బొందు ఉంచితే సైజు సర్దుకోవచ్చు.

డ్రాయర్ల రెండు కాళ్లూ నడుము పట్టీ దగ్గర మాత్రమే కలిసి, మధ్యలో తెరిచి ఉంటే ప్యాటర్న్‌లో తప్పుందని అనుకోకండి. కార్సెట్, లంగాలు విప్పకుండా బాత్రూమ్‌కు వెళ్లడానికి చేసుకున్న ఏర్పాటది. మూసి కుట్టినవి కూడా అప్పటికి ఉన్నాయి, స్టేజీకి అవే తీసుకోండి.

కార్సెట్ మాత్రం మొదటిసారే మీరు కుట్టకుండా, 1900 తర్వాత వచ్చిన నిటారు ముందుభాగం రకం కొనండి. నడుము 2 అంగుళాలకు మించి బిగించొద్దు, నటి డైలాగు చెప్పాలి కదా. ఆ కాలపు ఫొటోల్లోని ఒంపులో చాలావరకు మెత్తల పనే. తుంటికి పలుచటి మెత్త, ఎదకు గంజిపెట్టిన కుచ్చుల వరస పెడితే నడుము దానంతటదే సన్నగా కనిపిస్తుంది. దర్శకుడు కథను 1910 దాటిస్తే మాత్రం ముందే అడిగి తెలుసుకోండి. అప్పటికి ఆకారం సన్నగా, నిలువుగా మారిపోయింది, ఇన్ని కుచ్చులు పనికిరావు. లంగా, కవర్ కలిసిన ప్రిన్సెస్ స్లిప్ కుట్టాల్సి వస్తుంది.

చివరిగా రిబ్బన్. మెడ చుట్టూ కన్నాల లేసులో దూర్చే రిబ్బన్‌ను ఎక్కడా కుట్టెయ్యకండి. ఉతికే ముందు లాగేసి, ఇస్త్రీ అయ్యాక మొద్దు సూదితో మళ్లీ ఎక్కించుకోవాలి. లేత గులాబీ, లేత నీలం రెండూ ఆ కాలానివే. మొదటి ప్రదర్శన తర్వాత ఉతికి చూడండి, ఏ కుట్టు విడిపోయినా ఆ దశలోనే బయటపడుతుంది. లేసు దగ్గర ఎక్కడైనా ఆగిపోతే బట్ట వెనకవైపు ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.