చలి ముదరకముందే కారు షెడ్డు ఖాళీ చేయాలంటే

అన్నా, హనుమకొండలో మీ షెడ్డు నిండా సామానే, కారు బయట మంచులో తడుస్తోందన్నారు కదా. ముందే ర్యాకులు కొనకండి. ఎండ బాగున్న ఆదివారం చూసి అన్నీ వాకిట్లోకి తీయండి. వానాకాలం తేమ పట్టిన గోనెసంచులు, అట్టపెట్టెలు అప్పుడే బయటపడతాయి. అట్టపెట్టెలు మాత్రం ఉంచొద్దు. ఎలుకలు వాటిలో గూడు పెట్టి, రాత్రి వెచ్చగా ఉన్న ఇంజిన్‌లోకి దూరి వైర్లు కొరుకుతాయి. ఆ రిపేరు బిల్లు చూస్తే చలిలోనూ చెమటలే! మూతున్న ప్లాస్టిక్ డబ్బాలు వాడండి. వడ్ల బస్తాలుంటే వేరే గదిలోకి మార్చండి.

పాత ఇన్వర్టర్ బ్యాటరీలో సీసం, యాసిడ్ ఉంటాయి, తూకానికి వేయకండి. బ్యాటరీ షాపులో ఇస్తే కొత్తదాని ధరలో ఎంతో కొంత తగ్గిస్తారు. కొత్తది షెడ్డులోనే పెడితే పెయింటు, థిన్నర్ డబ్బాలు దాని దగ్గర ఉంచకండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ అనే మండే వాయువు వస్తుంది, అందుకే కిటికీ తెరిచే ఉండాలి.