మీ నాన్న విగ్రహం చేయించే ముందు

చి. వాణికి,

మావయ్య ఆశీస్సులు. మీ నాన్న శిష్యులంతా కలిసి హైస్కూల్లో ఆయన విగ్రహం పెట్టాలనుకుంటున్నారని, చేయించే బాధ్యత నీ మీద పెట్టారని అక్కయ్య చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ బడిలో లెక్కలు చెప్పిన మనిషి మళ్లీ ఆ ఆవరణలోకి వస్తాడంటే నాకెంత సంతోషంగా ఉంటుందో నీకు తెలుసు. అయితే నువ్వు ఫోన్లో "నలుగురు శిల్పులకి ఫోటో పెట్టాను మావయ్యా, ఎవరు తక్కువ చెబితే వాళ్లకి ఇచ్చేద్దాం" అన్నావు. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. మాటల్లో చెబితే కొన్ని జారిపోతాయని ఉత్తరం రాస్తున్నాను.

మన ఊళ్లో మూడు విగ్రహాల పనిలో నేను తిరిగాను. రామాలయంలో రాతి విగ్రహాలు, పాల సంఘం ముందు నిలువెత్తు విగ్రహం, లైబ్రరీలో దాత గారి బస్టు, అంటే ఛాతీ దాకా ఉండే విగ్రహం. ఆ బస్టు విషయంలో నేను చేసిన పొరపాటు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. శిల్పి మట్టితో బొమ్మ చేసి రమ్మని కబురు పెడితే నేనొక్కణ్నే వెళ్లి, బాగుంది కానివ్వండి అని చెప్పి వచ్చాను. దాత గారి పిల్లలకి చూపించాలన్న ఆలోచనే రాలేదు. కంచు పోత అయిపోయి విగ్రహం ఊరికి వచ్చాక వాళ్ల పెద్దబ్బాయి చూసి, మా నాన్న ముక్కు ఇలా ఉండదన్నాడు. కమిటీ అంతా శిల్పి మీద పడింది. ఆయన మారుమాట్లాడకుండా తీసుకెళ్లి, ముక్కు దగ్గర కోసి, మళ్లీ అతికి, రుద్ది, రంగు కలిపి తెచ్చాడు. ఒక్క రూపాయి అదనంగా అడగలేదు, మేమూ ఇవ్వలేదు. పొద్దుటి ఎండ పక్కనుంచి పడితే ఆ అతుకు గీత ఇప్పటికీ కనిపిస్తుంది. తప్పు నాది. మాట పడింది ఆయన.

అందుకే ముందు పని ఎలా సాగుతుందో తెలుసుకో. ముఖం పోలిక ఉండాల్సిన విగ్రహానికి శిల్పి మొదట ఇనుప ఊచలతో చట్రం కట్టి, దాని మీద బంకమట్టితో రూపం తెస్తాడు. మీరు చూసి సరేనన్నాక దాని మీద అచ్చు తీస్తాడు. ఫైబర్ అయితే ఆ అచ్చులోనే పొరలుగా వేస్తాడు. కంచు అయితే అచ్చులో మైనం పొర తీసి, దాని చుట్టూ మళ్లీ మట్టి అచ్చు కట్టి, కాల్చి మైనం కరిగించేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మట్టి దశలో బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే మారిపోయే చెంప, పోత తర్వాత మార్చాలంటే గ్రైండర్, వెల్డింగు కావాలి. నువ్వు చెప్పదలచుకున్నదంతా మట్టి ఉండగానే చెప్పెయ్యి. అచ్చు తియ్యమని చెప్పాక ఇక పోలిక గురించి నోరు విప్పొద్దు.

ఇక శిల్పిని ఎంచుకునే సంగతి. మన వైపు లోహానికి, ఫైబర్‌కి తెనాలి వెళతారు, కోనసీమలో కొత్తపేట వెళతారు. రాతికి ఆళ్లగడ్డ, పల్నాడులో దుర్గి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ఫోన్లో ఫోటోలు చూసి తేల్చుకోకు. ఆయన చేసిన విగ్రహం పెట్టి నాలుగైదేళ్లయిన చోటికి వెళ్లి ఎండలో చూడు. రంగు పొరలు లేచాయా, కళ్లలో మనిషి ఉన్నాడా, చేతివేళ్లు వేళ్లలాగే ఉన్నాయా అని చూడు. చేతులు సరిగ్గా చేసేవాడు ముఖం దగ్గర అశ్రద్ధ చెయ్యడని నా నమ్మకం. నచ్చితే ఆయన దగ్గరికి వెళ్లి, "మీరు చేసిన ఫలానా విగ్రహం చూసి వచ్చాం" అని మొదలుపెట్టు. శిల్పికి అంతకంటే మంచి పలకరింపు ఉండదు.

నలుగురిని ధర అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఒకరు చేసిన నమూనా ఫోటో పట్టుకెళ్లి ఇంకొకరికి చూపించి, ఇలాగే తక్కువలో చెయ్యండి అనకు. మన చుట్టుపక్కల ఇది చాలామంది చేస్తారు. అది ఒక మనిషి కష్టాన్ని ఎత్తుకెళ్లి ఇంకొకరికి ఇవ్వడమే. "ముందు చిన్న బొమ్మ చేసి చూపించండి, నచ్చితే ఆర్డరు ఇస్తాం" అని కూడా అనకు. చిన్న బొమ్మకైనా రోజులు పడతాయి. నమూనా కావాలనుకుంటే దాని ఖరీదు వేరుగా మాట్లాడి, ముందు ఇచ్చి చేయించుకో. తర్వాత పని ఆయనకి ఇవ్వకపోయినా ఆ డబ్బు ఆయనదే.

నీ దగ్గర ఎంత ఉందో దాచకుండా చెప్పు. చందాలు ఇంత వచ్చాయి, ఇంతకు మించి రావు అంటే ఆయనే దారి చూపిస్తాడు. కంచులో నిలువెత్తు సాధ్యం కాకపోతే కంచులో బస్టు చేయించొచ్చు, లేదా ఫైబర్‌లో నిలువెత్తు. నన్నడిగితే కంచులో బస్టు చాలు. మీ నాన్నని పిల్లలు గుర్తుపట్టేది ఆ ముఖంతోనే. ఏదైనా సరే కిలో లెక్కన బేరం చెయ్యకు. రాగి ధర నెట్లో చూసి, ఇన్ని కిలోలకి ఇంతే కదా అని శిల్పి ముందు లెక్కలేసినవాళ్లని నేను చూశాను. ఆయన ముఖం ఎలా వాడిపోయిందో కూడా చూశాను. లోహం ధర మధ్యలో పెరిగితే ఎవరు భరించాలన్నది మాత్రం మొదటి రోజే మాట్లాడుకో. రవాణా, క్రేను, దిమ్మె, దిమ్మెలో విగ్రహం బిగించే బోల్టులు, ఇవి ఎవరి లెక్కలోకి వస్తాయో కూడా కాగితం మీద రాయించు. గొడవలన్నీ చివర్లో ఈ చిల్లర ఖర్చుల దగ్గరే వస్తాయి.

రవాణా అంటే చిన్న విషయం అనుకోకు. హుస్సేన్ సాగర్ బుద్ధ విగ్రహం ఏళ్ల తరబడి చెక్కి తెస్తే, 1990లో నీళ్ల మీద తీసుకెళుతుండగా జారి మునిగిపోయింది. మనుషుల ప్రాణాలు పోయాయి. 1992లో గానీ దాన్ని పైకి తీసి నిలబెట్టలేకపోయారు. మనది చిన్న బస్టే కావచ్చు, అయినా గతుకుల రోడ్డు మీద ట్రాలీ ఆటోలో గడ్డి వేసి పంపించెయ్యమని శిల్పిని తొందరపెట్టకు.

డబ్బు మూడు విడతలుగా ఇవ్వడం అందరికీ బాగుంటుంది. ఒప్పుకున్న రోజు అడ్వాన్సు, మట్టి బొమ్మ నచ్చిన రోజు రెండో విడత, విగ్రహం బండి ఎక్కేముందు మిగతాది. రెండో విడత ఆలస్యం చెయ్యకు, లోహం కొనేది ఆ డబ్బుతోనే. ఆవిష్కరణ అయ్యాక చూద్దాం అనే మాట నీ నోట రాకూడదు. సభలో అందరూ చప్పట్లు కొడుతుంటే, తన డబ్బు ఎవరిని అడగాలా అని శిల్పి వెనక నిలబడి చూడటం నేను ఒకచోట చూశాను.

అడ్వాన్సు కంటే ముందు ఇంకో పని ఉంది. గేటు బయట సెంటర్లో పెడితే అందరికీ కనిపిస్తుందని కొందరు కుర్రాళ్లు అంటున్నారట. ఒద్దు. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జనం వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. బడి ఆవరణలోనైనా విద్యాశాఖ వాళ్ల అనుమతి కాగితం చేతికి వచ్చాకే శిల్పికి అడ్వాన్సు ఇవ్వు. అనుమతి లేక గోనెపట్టాలు కప్పుకుని షెడ్లలో ఉండిపోయిన విగ్రహాలు శిల్పుల దగ్గర కనిపిస్తాయి. వాటికి చోటు వాళ్లదే పోతుంది, బాకీ కూడా వాళ్లకే మిగులుతుంది.

ఫోటోల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, పోలిక అంతా అక్కడే ఉంది. ముందు ఇంట్లో కూర్చుని, ఏ వయసు నాన్న కావాలో మీరంతా ఒక మాట మీదకి రండి. నలభై ఐదేళ్ల మాస్టారా, రిటైరైన మాస్టారా? అది తేల్చకుండా పెళ్లి ఫోటో, సన్మానం ఫోటో, ఆస్పత్రి నుంచి వచ్చాక తీసిన ఫోటో అన్నీ కలిపి పంపితే శిల్పి ముగ్గురు మనుషుల్ని ఒక ముఖంలో ఇరికించాలి. ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి చెరొకటి, ఓరగా ఒకటి, అన్నీ దాదాపు ఒకే వయసువి వెతుకు. పక్క నుంచి తీసినవి దొరకడం కష్టం. పెళ్లిళ్ల వీడియోల్లో ఆయన ఎవరితోనో మాట్లాడుతూ తల తిప్పిన క్షణం పట్టుకో. స్టూడియోలో ముడతలు తుడిచేసి నున్నగా చేసిన ఫోటో అస్సలు పంపకు. ఆ ముడతల్లోనే కదమ్మా మీ నాన్న ఉన్నది.

మాటల్లో కూడా రాసి ఇవ్వు. పిల్లాడు సమాధానం చెబుతుంటే ఆయన తల కొంచెం కుడివైపుకి వంచేవారు. కళ్లజోడు ముక్కు మీదకి జారి ఉండేది. జేబులో రెండు పెన్నులు, ఒకటి ఎర్రది. ఇలాంటివి ఏ ఫోటోలోనూ దొరక్కపోవచ్చు. కళ్లజోడు పెట్టాలా వద్దా అన్నది కూడా ముందే శిల్పితో మాట్లాడు. లోహంలో ఫ్రేము చేసి అద్దాలు లేకుండా వదిలేయాలి, బయట ఉండే విగ్రహంలో అది ముందుగా వంగేది, విరిగేది. నాకైతే కళ్లజోడు లేకుండా మీ నాన్న ముఖం ఊహకి రాదు. అయినా శిల్పి మాట విను.

మీ వైపు నుంచి మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి, అది నువ్వే. డల్లాస్ నుంచి మీ తమ్ముడు ఒకటి, శిష్యుల వాట్సాప్ గ్రూపు ఇంకొకటి నేరుగా శిల్పికి చెప్పకూడదు. వాళ్ల మాటలన్నీ నువ్వు విని, జల్లెడ పట్టి, ఒకేసారి ఒక కాగితం మీద ఇవ్వు.

మట్టి బొమ్మ సిద్ధమైంది రండి అని ఫోన్ వస్తే సెలవు పెట్టి వెళ్లు. ఆ మట్టి ఎండితే బీటలు తీస్తుంది. మీరు వచ్చేదాకా ఆయన దాని మీద తడిగుడ్డలు కప్పి, ప్లాస్టిక్ చుట్టి, రోజూ నీళ్లు చల్లుతూ కాపాడుతుంటాడు. వచ్చే వారం చూద్దామని నువ్వు తేలిగ్గా అనే మాటకి అక్కడ ఎంత చాకిరీయో చూడు. పదిమందితో వెళ్లకు. మీ అమ్మని, నాన్నతో పనిచేసిన ఒక మాస్టారిని తీసుకెళ్లు, చాలు. పగటి వెలుతురులో చూడండి. విగ్రహం రేపు దిమ్మె మీద కళ్లకంటే పైన ఉంటుంది కాబట్టి, వీలైతే స్టూలు మీద కూర్చుని కింది నుంచి కూడా చూడండి. మట్టిని ముట్టుకోవద్దు. ఫోటో తీసుకోవచ్చా అని అడుగు, ఒప్పుకున్నా గ్రూపులో పెట్టకు. పక్కన ఉన్న ఇతరుల విగ్రహాలని అసలే తియ్యకు.

మొదటి చూపులో ఇది ఆయన కాదు అనిపిస్తుంది. ప్రతిచోటా ఇంట్లోవాళ్లు అదే అన్నారు. రంగు లేని, వెంట్రుక లేని, బూడిదరంగు మట్టిలో మన మనిషిని చూడటం మనసుకి కష్టం. అప్పుడేమీ అనకండి. బయటికి వచ్చి టీ తాగి, గంట ఆగి మళ్లీ వెళ్లండి. అప్పుడు కూడా కుదరలేదనిపిస్తే విడివిడిగా చెప్పు. "జీవం లేదు" అంటే శిల్పి ఏం చెయ్యగలడు? "పై పెదవి ఇంత మందం ఉండదండీ", "చెవి తల నుంచి ఇంకొంచెం బయటికి ఉండేది" అంటే చేతిలోకి మట్టి తీసుకుని అక్కడే మారుస్తాడు. మీ అమ్మ ఏడిస్తే ఏడవనివ్వు, తొందరపెట్టకు. ఆవిడ సరేనంటే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

తేదీ విషయం. ఎమ్మెల్యే గారి డేటు దొరికిందని కార్డులు ముందు అచ్చు వేయించొద్దు. వానాకాలంలో అచ్చులు ఆరవు, పోత ఒకసారి చెడితే మళ్లీ మొదటికి వెళ్లాలి. విగ్రహం తయారై శిల్పి చెప్పాకే తేదీ పెట్టుకోండి. మధ్యలో రోజూ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడగకు. పదిహేను రోజులకొకసారి పలకరిస్తే చాలు.

దిమ్మె మీద ఫలకంలో చందాలిచ్చినవాళ్ల పేర్లు, ఆవిష్కర్త పేరు వేస్తారు కదా. శిల్పి పేరు, ఊరు, సంవత్సరం కూడా వేయించు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం శిల్పం చేసినవాడికి అది తన పని అని చెప్పుకునే హక్కు ఉంది. చట్టం లేకపోయినా వేయించమనే అంటాను. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని జనం రామప్ప గుడి అంటారు, అది శిల్పి పేరేనని చెబుతారు. అదే హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ని చెక్కింది గణపతి స్థపతి అని ఎంతమందికి తెలుసు? ఇంకో మాట. అదే అచ్చుతో ఇంట్లోకి చిన్న కాపీ కావాలంటే ఆయన్నే అడిగి, ఆయన చేతే చేయించుకో. వేరేచోట పోయించకు.

ఆవిష్కరణ రోజు ఆయన్ని, ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్లని కూడా పిలువు. వేదిక మీద కుర్చీ వెయ్యి. బట్టలు పెట్టేది మీ అమ్మ చేత్తో పెట్టించు, మైకులో ఆయన పేరు నువ్వే చెప్పు.

నా దగ్గర 1988లో బడి వరండాలో తీసిన ఫోటో ఒకటి ఉంది. మీ నాన్న పక్కకి తిరిగి, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉన్నారు. ఎడమ పక్క చెవి, దవడ స్పష్టంగా కనిపిస్తాయి. సోమవారం కొరియర్ చేస్తాను, మడత పడకుండా అట్ట మధ్య పెట్టి పంపుతాను, స్కాన్ చేయించి తిరిగి ఇచ్చెయ్యి. ఆయన పాత కళ్లజోడు, నల్ల ఫ్రేముది, అక్కయ్య బీరువాలో పై అరలో దాచింది. శిల్పి దగ్గరికి వెళ్లేటప్పుడు అది పట్టుకెళ్లాలి, ముందుగా అమ్మని అడుగు.

ఇట్లు,
మీ మావయ్య