ఎక్స్‌రే నార్మల్ అన్నారని ఊరుకోకు

రవీ,

పోయిన నెల కోడలికి కీమో అయిన పదో రోజు జ్వరం వచ్చినప్పుడు, "ఎక్స్‌రే నార్మలట, ఊపిరితిత్తుల్లో ఏమీ లేనట్టేగా పెదనాన్నా" అన్నావు. లేనట్టు కాదురా. అదృష్టం బాగుండి తగ్గిపోయింది. వచ్చే వారం మళ్లీ కీమో కదా, అందుకే ముందుగా రాస్తున్నాను.

నిమోనియాలో ఎక్స్‌రే మీద తెల్లగా కనబడేది క్రిమి కాదు. క్రిమి మీదికి వెళ్లిన తెల్లకణాలూ, వాటితో పాటు ఊరిన నీరూ గాలిగదుల్లో నిండితే అలా మచ్చ కడుతుంది. కీమో తర్వాత వారం, రెండు వారాల మధ్య ఆ కణాలే, అంటే న్యూట్రోఫిల్స్, అడుగంటుతాయి. మైక్రోలీటరుకు 500 కన్నా తగ్గితే మచ్చ కట్టడానికి సరుకే ఉండదు. కఫమూ పెద్దగా పడదు. చాలాసార్లు బయటికి తెలిసేది జ్వరమొక్కటే.

పైగా ఎక్స్‌రే అంటే ఛాతీ మొత్తం ఒకే పలక మీద పడిన నీడ. గుండె వెనకా, డయాఫ్రం (ఛాతీకి అడుగున ఉండే కండరపు పొర) చాటునా ఉన్నవి సరిగ్గా కనబడవు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కుర్రాడి ఫిల్మ్ చూసి నేనే ధీమాగా "నార్మల్" అని రాశాను. మంచం మీదే తీసిన ఫిల్మ్ అది, అతను ఊపిరి కూడా పూర్తిగా పీల్చలేదు. రెండు రోజులకి సీటీ స్కాన్ తీస్తే గుండె నీడ వెనకాల గోళీ అంత గడ్డ, దాని చుట్టూ మబ్బు పట్టినట్టు బూడిదరంగు వలయం. ఫంగస్. కుర్రాడు బతికాడు గానీ, పోయిన ఆ రెండు రోజులు నా ఖాతాలోవే.

ఈసారి ఒక్కసారి 101 చూపించినా, 100.4 గంటసేపు నిలిచినా, పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. ఆసుపత్రికి వెళ్లండి. కల్చర్‌కి, అంటే రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే పరీక్షకి, రక్తం తీసుకుని, గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలి. స్కాన్ అయ్యాక ఇద్దామని మందు ఆలస్యం చేయనివ్వకు.

ఆ తర్వాత సీటీ సంగతి అడుగు. దగ్గో ఆయాసమో ఉన్నా, ఆక్సిజన్ తగ్గుతున్నా వెంటనే అడుగు. అవేవీ లేకపోయినా, మందులు పడుతూ నాలుగు రోజులైనా జ్వరం వదలకపోతే తప్పకుండా అడుగు. ఫంగస్‌ని అనుమానించాల్సింది అప్పుడే. ఈ సీటీకి మామూలుగా కాంట్రాస్ట్ (బొమ్మ తేటగా పడడానికి ఎక్కించే మందు) ఇంజెక్షన్ అక్కర్లేదు, తక్కువ డోసుతోనూ తీయొచ్చు. ఎక్స్‌రే కంటే రేడియేషన్ ఎక్కువే, కాదనను. ఈ పరిస్థితిలో నేనైతే ఆ లెక్క చూడను. ఊపిరి బిగబట్టమన్నప్పుడు కదలకుండా ఉంటే చాలని కోడలికి చెప్పు.

మచ్చ ఎక్కడుందో సీటీ చూపిస్తుంది గానీ, ఏ క్రిమో కచ్చితంగా తేల్చలేదు. ఫంగస్ జాడ వెతికే గెలాక్టోమానన్ అనే రక్తపరీక్షో, ఊపిరితిత్తుల్లోకి సన్నని గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీయో చేయాలంటే కంగారుపడకు.

ఫంగస్ మందు మొదలెట్టిన మొదటి వారంలో మళ్లీ సీటీ తీస్తే మచ్చ పెరిగినట్టు కనబడొచ్చు. మందు పనిచేస్తున్నా, తెల్లకణాలు తిరిగొస్తున్నా అలా కావచ్చు. చాలామంది అక్కడే గుండె జారి ఆసుపత్రి మార్చేస్తారు. జ్వరం తగ్గి మనిషి తేరుకుంటోందా లేదా అన్నది ముందు చూడు, డాక్టర్‌నీ అదే అడుగు.

పాత స్కాన్ల సీడీలు ఫైల్లోనే ఉంచు. కొత్త మచ్చో పాతదో తేల్చాలంటే రిపోర్టు కాగితం చాలదు, బొమ్మలే కావాలి.

మీ పెదనాన్న