డిస్క్ జారిందని చిట్టీ పాడేయాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం, బేగంపేటలో అకౌంట్స్ ఉద్యోగం. మూడు వారాలుగా నడుము నుంచి ఎడమ పిక్క దాకా కరెంటు షాకు కొట్టినట్టు లాగుతోంది. ఎంఆర్‌ఐ తీస్తే ఎల్5-ఎస్1 దగ్గర డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని, ఇది సయాటికా అని చెప్పారు. ఒక డాక్టరు ఆరు వారాలు మందులు, ఫిజియోథెరపీతో చూద్దామన్నారు. ఇంకో ఆసుపత్రిలో ఆపరేషన్‌కు రెండున్నర లక్షల అంచనా రాసిచ్చారు. నా జీతం 62,000, మా ఆవిడ ట్యూషన్లతో 18,000 వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 21,500, ఇంటి ఖర్చు 30,000. బ్యాంకులో రెండున్నర లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మూడు లక్షలు. 25 నెలల ఐదు లక్షల చిట్టీలో 11వ పాట రాబోతోంది. ఈసారి పాడేసి ఆపరేషన్ చేయించుకోనా? ఎంఆర్‌ఐ సంగతి రాయకుండా పది లక్షల పాలసీ తీసుకోమని ఏజెంటు అంటున్నాడు. కుర్చీలో అరగంట కూర్చోలేకపోతున్నాను, ఉద్యోగం మానేద్దామా అని కూడా అనిపిస్తోంది.

జవాబు: డబ్బు సంగతికి ముందు ఒక్క మాట. పాదం పైకి లేవక వేలాడిపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా లెక్కలు పక్కన పడేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు డిపాజిట్ పగలగొడితే పోయే వడ్డీ గురించి ఆలోచించొద్దు.

ఆ లక్షణాలేవీ లేవు కాబట్టే మీ మొదటి డాక్టరు ఆరు వారాలు చూద్దామన్నారు. డిస్క్ జారి వచ్చే సయాటికా చాలామందికి కత్తి పడకుండానే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. జారిన ముక్క కాలక్రమంలో కుంచించుకుపోవడం కూడా మామూలే. అంటే మీరు ముందు కొనుక్కోవలసింది ఆపరేషన్ కాదు, ఆ వారాలు. జీతం ఆగుతుందేమో, ఈఎంఐ తప్పుతుందేమో అన్న భయంతోనే చాలామంది తొందరపడి ఆపరేషన్ టేబుల్ ఎక్కుతారు. అనుమానం తీరకపోతే పంజాగుట్టలోని ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌లో రెండో అభిప్రాయం తీసుకోండి. క్యూలో నిలబడాలి గానీ అక్కడ ఖర్చు కార్పొరేట్ ఆసుపత్రుల కంటే బాగా తక్కువ.

మీ సెలవులు అయిపోయి రెండు నెలలు జీతం రాలేదనుకుందాం. ఈఎంఐ 21,500, ఇంటి ఖర్చు 30,000, డివిడెండ్ (పాడినవాళ్లు వదులుకున్న దాంట్లో మీ వాటా) పోను చిట్టీకి దాదాపు 16,000, అన్నీ కలిపి 67,500. మీ ఆవిడ సంపాదన తీసేస్తే నెలకు 49,500 తక్కువ పడుతుంది, రెండు నెలలకు 99,000. ఫిజియోథెరపీ సిట్టింగ్‌కు 500 అనుకున్నా వారానికి మూడు చొప్పున ఆరు వారాలకు 9,000. ఇవన్నీ పోయినా డిపాజిట్‌లో లక్షా నలభై వేలు మిగులుతాయి. సగం జీతమైనా వచ్చినా, ఇంటి నుంచి పని ఇచ్చినా ఇంకా మెరుగు. డిపాజిట్ మొత్తం పగలగొట్టక్కర్లేదు, దాని మీద అప్పు ఇస్తారేమో అడగండి. మామూలుగా డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది.

చిట్టీ మాత్రం ఇప్పుడు పాడొద్దు. ఈ నెల పాట 1,20,000 కోత దగ్గర ఆగిందనుకోండి, మీ చేతికి వచ్చేది 3,80,000. ఆ తర్వాత పద్నాలుగు నెలలు వాయిదా కడుతూనే ఉండాలి. పైగా పాడినవాడు జామీనుదారులను తేవాలి, జీతం సర్టిఫికెట్లు పెట్టాలి. నడుం పట్టుకుని సెలవులో ఉన్నప్పుడు బావమరిదినీ, స్నేహితుడినీ సంతకాలకు బతిమాలుకుంటూ తిరగడం ఎందుకు? అవసరమని తెలియకముందే లక్షా ఇరవై వేలు వదులుకోవడం నాకు మింగుడుపడదు.

ఉద్యోగం మానేయాలన్న ఆలోచన అంతకంటే ఖరీదైనది. మీ దగ్గరున్న అతి విలువైన కాగితం ఆ కంపెనీ బీమా. గ్రూప్ పాలసీల్లో చాలావాటికి వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని మొదటి కొన్ని నెలలు) ఉండదు, రాజీనామా చేస్తే ఆ రక్షణ పోతుంది. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి పాలసీ కాపీ తెప్పించుకోండి. వెన్ను ఆపరేషన్‌కు వెయిటింగ్ ఉందా, విడిగా పరిమితి ఉందా, కో-పే (బిల్లులో మీరు భరించాల్సిన వాటా) ఎంత, గది అద్దె పరిమితి ఎంత అని నోటిమాటగా కాకుండా రాతలో అడగండి.

గది అద్దె దగ్గర చాలామంది బోల్తా పడతారు. మూడు లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం, అంటే 3,000 పరిమితి అనుకోండి. మీరు 6,000 గదిలో చేరితే కోత గది అద్దెతో ఆగదు. సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీల వంటి వాటిలో కూడా సగమే ఇస్తారు. మందులకు, ఇంప్లాంట్లకు ఈ కోత ఉండదు. కోత పడే పద్దుల మొత్తం లక్షన్నర అయితే 75,000 మీ జేబులోంచి. ఏసీ సింగిల్ రూమ్ కోసం ఇంత పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

‘ఒక రోజు అడ్మిట్ అయిపోండి, ఎంఆర్‌ఐ ఖర్చు క్లెయిమ్‌లో పెట్టేద్దాం’ అని ఎవరైనా అంటే వినకండి. పరీక్షల కోసం మాత్రమే చేరితే క్లెయిమ్ ఇవ్వరు. అయితే ఇప్పటి ఎంఆర్‌ఐ బిల్లు, కన్సల్టేషన్ రసీదులు దాచుకోండి. ఆపరేషన్ దాకా వెళ్తే చేరడానికి ముందు 30 రోజుల ఖర్చు చాలా పాలసీలు ఇస్తాయి, కొన్ని 60 రోజులు కూడా.

ఇక ఏజెంటు సలహా. దాచి తీసుకున్న పాలసీ అవసరానికి ఆదుకోదు. ఆసుపత్రి ఫైల్లో ఎంఆర్‌ఐ తేదీ ఉంటుంది, క్లెయిమ్ వేళ బీమా కంపెనీవాళ్లు మొదట చూసేది దాన్నే. నిజం చెప్పి తీసుకున్నా ముందునుంచి ఉన్న జబ్బుకు 36 నెలల వరకు ఆగాలి. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది 48 నెలలుగా ఉండేది. డిస్క్ జారడం మీద చాలా పాలసీల్లో విడిగా 24 నెలల వెయిటింగ్ ఉంటుంది. అంటే ఈ నొప్పికి కొత్త పాలసీ ఎలాగూ అక్కరకు రాదు. అయినా ఉద్యోగం శాశ్వతం కాదు గనుక కుటుంబానికి సొంత పాలసీ కావాలి. ఎంఆర్‌ఐ రిపోర్టు జతచేసి దరఖాస్తు పెట్టండి. మిమ్మల్ని కాదంటే మీ ఆవిడకూ, పిల్లలకూ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, అదొక్కటి కలిసొచ్చింది.

నాకూ కొన్నేళ్ల కింద ఇదే నొప్పి వచ్చింది. భయంలో 46,000 పెట్టి ‘ఆర్థో’ పరుపు ఈఎంఐలో కొన్నాను. నొప్పి తగ్గాక కూడా ఐదు నెలలు దానికి కడుతూనే ఉన్నాను. ఇప్పుడు దాని మీద మా కుక్క పడుకుంటోంది. పరుపులు, బెల్టులు, మసాజ్ యంత్రాలు డాక్టరు చెబితేనే కొనండి. ఆ డబ్బుతో కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి బేగంపేట వెళ్లండి. బైకు మీద స్పీడ్ బ్రేకర్ల దెబ్బలు తప్పుతాయి. సీటు దొరకకపోయినా బాధపడకండి, ఈ నొప్పికి కూర్చోవడం కంటే నిలబడటమే చాలామందికి సుఖం.

ఆరు వారాలకు డాక్టరు ఆపరేషన్ తప్పదంటే ముందు కంపెనీ బీమా, తర్వాత డిపాజిట్‌లో మిగిలింది, అదీ చాలకపోతే అనారోగ్యానికి పీఎఫ్ అడ్వాన్స్. క్రెడిట్ కార్డు ఈఎంఐ జోలికి వెళ్లొద్దు. అప్పటికి చిట్టీలో ఇంకో రెండు పాటలు అయిపోయి ఉంటాయి. మామూలుగా ముందుకెళ్లేకొద్దీ కోత తగ్గుతుంది కాబట్టి, నిజంగా అవసరపడితే అప్పుడు పాడినా ఇప్పటికంటే నయమే. ఈ నెల పాటకు మాత్రం ఫోన్ వచ్చినా ‘ఈసారి వద్దండీ’ అనేయండి.