సొకోబాన్‌లో పెట్టెను వెనక్కి లాగే వీలు ఎందుకు లేదు?

గోదాములోని పెట్టెలను నెట్టుతూ, గుర్తు పెట్టిన గడులకు, అంటే గమ్యాలకు చేర్చే కంప్యూటర్ ఆట సొకోబాన్‌లో ఒక్క పెట్టెను తప్పుగా నెట్టినా ఆట మొదటికి వస్తున్నప్పుడు, లాగే వీలు కూడా ఇచ్చి ఉండవచ్చు కదా అని మీరు అడిగారు. ఇస్తే ఆటలో పస ఉండదని నా అభిప్రాయం.

జపాన్‌కు చెందిన హిరోయుకి ఇమాబయాషి రూపొందించిన ఈ ఆటను థింకింగ్ రాబిట్ సంస్థ 1982లో ఎన్ఈసీ వారి పీసీ-8801 కంప్యూటర్‌కు విడుదల చేసింది. పేరుకు గోదాము చూసుకునేవాడు అని అర్థం. ఆ పనివాడు ఒకసారికి ఒక పెట్టెను మాత్రమే, అదీ ముందుకు మాత్రమే నెట్టగలడు.

ఈ ఒక్క నియమం వల్లనే కొన్ని ఎత్తులను వెనక్కి తీసుకోవడం అసాధ్యమవుతుంది. గమ్యం కాని మూలలో పడిన పెట్టె ఇక కదలదు. గోడకు ఆనుకున్న పెట్టె ఆ గోడ వెంబడే జరుగుతుంది కనుక, ఆ వరుసలో గమ్యం లేకపోతే అదీ వృథాయే. నాలుగు పెట్టెలు చదరంగా కలిసి బిగుసుకుంటే ఏ ఒక్కటినీ తీయలేము. చిత్రమేమిటంటే, తప్పు చేసిన తరువాత కూడా ఆట చాలాసేపు సాఫీగానే సాగుతున్నట్లు కనిపిస్తుంది.

నియమాలు ఇంత చిన్నవైనా, ఈ ఆట పీస్పేస్-సంపూర్ణ సమస్యల కోవకు చెందుతుందని, అంటే ఏ చిక్కునైనా వేగంగా విప్పే సాధారణ పద్ధతి ఉంటుందని ఆశించలేమని, 1997లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ కల్బర్సన్ నిరూపించారు.

ఎక్కడైనా చిక్కుకుంటే, పెట్టెలన్నీ గమ్యాలలోనే ఉన్నట్లు ఊహించుకొని, అక్కడి నుంచి ఒక్కొక్కటినీ మనసులో వెనక్కి లాగుతూ రండి. తెర మీద నిషిద్ధమైన ఆ లాగుడే ఏ పెట్టెను ముందు చేర్చాలో చాలాసార్లు తేల్చిపెడుతుంది.