అంత ఉన్న దేశంలో ఫుడ్ బ్యాంకులేంది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. శనివారాలు ఒక చర్చిలోని ఫుడ్ బ్యాంకుకు (ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ఊరికే తిండి సరుకులిచ్చే చోటు) వెళ్లి సంచులు సర్దుతాడు. ఉద్యోగాలున్నవాళ్లు కూడా వచ్చి తీసుకుపోతున్నారట. అక్కడ గవర్నమెంటే డబ్బులిస్తుంది కదా, మళ్లీ ఇదెందుకు? ఊరికే వస్తోందనా?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: ఊరికే ఎవరుబడితే వాళ్లకు ఇవ్వరమ్మా. ట్రస్సెల్ అనే పెద్ద సంస్థ ఫుడ్ బ్యాంకుల్లోనైతే మామూలుగా డాక్టరో, బడివాళ్లో, సలహా కేంద్రమో చీటీ రాసివ్వాలి. దాంతో దొరికేది మూడు రోజుల తిండి: డబ్బా బీన్స్, పాస్తా, నిల్వ ఉండే పాలు, టీ పొడి లాంటివి.

అక్కడి ప్రభుత్వం ముఖ్యంగా ఇచ్చేది ఖాతాలో డబ్బు. చిక్కంతా అక్కడే. యూనివర్సల్ క్రెడిట్‌కు (పని లేనివాళ్లకు, జీతం చాలనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భత్యం) అర్జీ పెట్టుకుంటే మొదటి డబ్బు పడటానికి ఐదు వారాలు. అడ్వాన్సు ఇస్తారు కానీ అది అప్పే, తర్వాత నెలనెలా పట్టుకుంటారు. 2016 నుంచి నాలుగేళ్లు చాలా భత్యాలు పైసా పెంచలేదు. 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన మూడో బిడ్డకు భత్యం లెక్క కట్టలేదు (2026 ఏప్రిల్ నుంచి ఈ రూలు ఎత్తేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో చెప్పారు). కరోనాలో వారానికి 20 పౌండ్లు పెంచి, 2021 అక్టోబరులో తీసేశారు. అద్దె ఆగదు, కరెంటు బిల్లు ఆగదు. ఇక తగ్గించుకునేది తిండే కదా!

2010–11లో ట్రస్సెల్ తిండి ఇచ్చింది సుమారు 61 వేల మందికి. 2023–24లో 31 లక్షల పార్సిళ్లు పంచింది. సెంటర్లు పెట్టారు కాబట్టే జనం వచ్చారనేవాళ్లూ ఉన్నారు. కొంత నిజమే. కానీ 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం చూస్తే, భత్యాల కోతలు, షరతు తప్పారని డబ్బు ఆపేయడం ఎక్కువున్న చోట్లే ఫుడ్ బ్యాంకులూ ఎక్కువ.

నేను నల్గొండలో రేషన్ లెక్కలు చూసి రిటైరైనవాణ్ని. మన దగ్గర కోత పడితే లైను కనబడదు, కిరాణాకొట్టు ఉద్దెర పుస్తకంలో కనబడుతుంది. మిర్యాలగూడ వైపు తెలిసిన కొట్టాయన ఒకసారి పుస్తకం నా ముందు పెట్టాడు. పింఛన్లు ఆలస్యమైన నెల అది. ఒక ముసలామె పేరు కింద వరుసగా పావు కిలో పప్పు, పది రూపాయల చాయ్‌పత్తి, ఐదు రూపాయల కారం. బియ్యం మాత్రం ఎక్కడా లేదు, రేషన్‌లో వస్తుంది కాబట్టి. అంటే 2,016 రూపాయల పింఛను ఆగినా ఆమె కుండలో అన్నముంది, కూరకే ఉద్దెర. అక్కడివాళ్లకు ఖాతాలో డబ్బు ఆగితే అన్నం, కూర రెండూ ఆగినట్టే.

అట్లని మన రేషన్ కార్డు గట్టిదనుకోకండి. 2016 తర్వాత రాష్ట్రంలో 19 లక్షల కార్డులు రద్దు చేశారు, అదీ కంప్యూటరు లెక్క చూసి. మళ్లీ ఇళ్లకు వెళ్లి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నా, కార్డులో పేరుంటేనే.

మీ అబ్బాయి సంగతి కూడా చెబుతాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఆ ప్రభుత్వ భత్యాలు రావు. ఫుడ్ బ్యాంకు మాత్రం సర్కారు సొమ్ము కాదు, అవసరమైతే తనూ అడగొచ్చు. సిగ్గుపడొద్దని ముందే చెప్పండి. "తింటున్నావా" అంటే ఏ కొడుకైనా తింటున్నాననే అంటాడు. అద్దె ఎంత, క్లాసులున్నప్పుడు పని చేయనిచ్చే వారానికి 20 గంటల్లో ఎన్ని దొరుకుతున్నాయి, అది అడగండి.